హెరాల్డ్‌కు తగిన విల్లు

దేవమణి నలభై ఒక్కేళ్ల జీవితంలో విల్లును చేత్తో ముట్టుకున్నది లేదు. జింకను చూసింది కూడా విశాఖపట్నం జూలోనే, అదీ బడి పిల్లల్ని తీసుకెళ్లినప్పుడు, కంచె ఇవతల నిలబడి. అయినా రెండేళ్లుగా ఆమె ఉద్యోగం, జింకల వేటకు ఏ విల్లు కొనుక్కోవాలో అమెరికా వాళ్లకు చెప్పడం.

ఆమదాలవలసలో ఆమె పదహారేళ్లు ఇంగ్లీషు చెప్పిన ప్రైవేటు బడి కరోనాలో మూతపడింది. కొన్నాళ్లు ఖాళీగా ఉన్నాక విశాఖపట్నం కంపెనీ ఒకటి ఇంటినుంచి చేసుకునే పని ఇచ్చింది. అమెరికాలో వేట సామాను అమ్మే దుకాణం ఒకటి ఉంది. దాని వెబ్‌సైటు తెరిస్తే కింద ఓ మూల చిన్న కిటికీలో బంగారు రంగు జుట్టు అమ్మాయి నవ్వుతూ కనిపిస్తుంది. నా పేరు జెన్నీ, మీకేం కావాలో చెప్పండి అంటుంది. ఆ జెన్నీ దేవమణి. ఆమెలాగే ఇంకో ఎనిమిది మంది కూడా జెన్నీలే. వాళ్లెవరో, ఏ ఊళ్లలో ఉంటారో ఆమెకు తెలియదు.

పొద్దున్న ఐదింటినుంచి ఒంటిగంట దాకా పని. అంతా టైపు చెయ్యడమే, నోరు విప్పే అవసరం ఉండదు. తల్లి పోయి నాలుగేళ్లయింది. చెల్లెలు బేబీ పెళ్లి చేసుకుని కొత్తవలస వెళ్లిపోయింది. రైసు మిల్లు పక్కనున్న రెండు గదుల ఇంట్లో దేవమణి ఒక్కతే. ఒక్కోరోజు ఆమె గొంతు ఆమెకే మొదటిసారి వినపడేది మధ్యాహ్నం కొట్లో పెరుగు ప్యాకెట్ అడిగినప్పుడు.

ఆగస్టు చివర్లో ఒకరోజు తెల్లారి ఐదున్నరకు ఆ చిన్న కిటికీలోకి హెరాల్డ్ అనే ఆయన వచ్చాడు. అక్కడ రాత్రి భోజనాల వేళ. పెన్సిల్వేనియాలో ఏదో చిన్న ఊరు. వయసు డెబ్బై నాలుగు. ఒక్కో వాక్యం రాయడానికి చాలాసేపు పట్టేది. వేళ్లు అలవాటు లేక తడుముకుంటున్నాయని ఆమెకు అర్థమైంది.

చిన్నప్పటినుంచీ మామూలు విల్లుతోనే వేటాడాడట. ఈ ఏడాది భుజానికి ఆపరేషన్ అయింది, ఇక తాడు లాగలేడు. డాక్టరు క్రాస్‌బో కొనుక్కోమన్నాడు. ఏది కొనాలో చెప్పు, అన్నాడు.

క్రాస్‌బో గురించి దేవమణి ఫొటోలు చూసీ, కంపెనీ వాళ్లిచ్చిన కాగితాలు చదివీ నేర్చుకుంది. తుపాకీ కర్రకు అడ్డంగా విల్లు బిగించినట్టుంటుంది. తాడును వెనక్కి లాగి కొక్కేనికి తగిలిస్తే అక్కడే నిలిచిపోతుంది, గురి చూసి మీట నొక్కడమే. కష్టమంతా ఆ లాగడంలోనే. కొన్నిటికి తాడు పట్టుకుని రెండు చేతులతో నడుము వంచి లాగాలి. కొన్నిటికి పక్కన చిన్న పిడి ఉంటుంది, చేతి కుట్టుమిషను తిప్పినట్టు తిప్పితే చాలు.

కస్టమరును అడగాల్సిన ప్రశ్నలు మూడే. ఎంతలో కావాలి, ఇంతకుముందు వాడారా, ఎక్కడ వేటాడతారు. మూడూ అడిగి, ఆఫర్లో ఉన్నదాన్ని చూపించాలి. హెరాల్డ్ మూడోదానికి, ఇరవై అడుగుల ఎత్తున చెట్టుకు కట్టిన మంచె మీద కూర్చుంటాను అని రాశాడు. దేవమణికి వాళ్ల నాన్న గుర్తొచ్చాడు. చివరి రోజుల్లో ఆయన మూడు మెట్లు దిగడానికి గోడ పట్టుకునేవాడు. కాగితంలో లేని నాలుగో ప్రశ్న అడిగింది.

"దిగేటప్పుడు ఎలా దిగుతారు? విల్లు కింద ఎవరు అందుకుంటారు?"

రెండు నిమిషాలు ఏమీ రాలేదు. తరవాత రెండు ముక్కలు వచ్చాయి.

"రే అందుకునేవాడు."

రే ఆయన తమ్ముడు. నలభై ఆరేళ్లు ఇద్దరూ కలిసే అడవికి వెళ్లారు. కిందటి చలికాలం రే పోయాడు.

ఆ రోజు ఏ విల్లూ అమ్మలేదు దేవమణి. ఆలోచించి చెబుతాను, ఇదే వేళకు మళ్లీ రండి, ఆదివారం తప్ప రోజూ ఉంటాను, అని రాసింది.

ఆలోచించడానికి ఆమెకేం తెలుసు? మధ్యాహ్నం పని కాగానే మిల్లు గేటు దగ్గరికి వెళ్లింది. పగటి కాపలా గంగులుది. సీతంపేట కొండల మనిషి, డెబ్బై దాటాయి. కుర్చీలో కూర్చుని బియ్యం లారీల నంబర్లు రాస్తుంటాడు.

"మావా, చిన్నప్పుడు వేటాడేవాడినని చెప్పావు కదా ఓసారి" అంది.

గంగులు అటూ ఇటూ చూశాడు. "ఎప్పటి మాట తల్లీ అది. ఇప్పుడా మాటెత్తితే పారెస్టోళ్లు అట్టుకుపోతారు. ఏటి, ఎందుకు?"

"ఇక్కడ కాదులే. అమెరికాలో ఒక ముసలాయన. వాళ్లకి లైసెన్సు ఇస్తారంట. భుజం పాడైపోయింది, ఏ విల్లు కొనుక్కోవాలని నన్ను అడుగుతున్నాడు."

"నిన్నడిగినాడా టీచరమ్మా?" గంగులు చాలాసేపు నవ్వాడు. నవ్వడం అయ్యాక మాత్రం పెన్ను పక్కన పెట్టి శ్రద్ధగా ఆలోచించాడు. "భుజం లేనోడికి సెట్టెందుకు? నేల మీద కూకోమను. ముందర కొమ్మలు అడ్డెట్టుకోమను. గాలి మొకానికి తగలాల. ఎనకనించి కొట్టిందంటే మనిసి వాసన దానికి ముందే ఎల్లిపోతాది. బరువైన విల్లొద్దు. బరువైతే సెయ్యి ఒణుకుతాది, తగలకూడని సోట తగులుతాది. ఒక్కడే ఎల్తాడా?"

"ఒక్కడే."

"అదే బాగోలేదు. తగిలింది అక్కడే పడిపోదు తల్లీ. ఎంత దూరం పోతాదో సెప్పలేం. ఎతకడానికి ఇంకో మనిసుండాల."

మర్నాడు హెరాల్డ్ వచ్చాడు. దేవమణి మూడు రకాలు పక్కపక్కన పెట్టి చూపించింది. మొదటిది ఆఫర్లో ఉన్నది, బాణం అన్నిటికన్నా వేగంగా పోతుంది, కానీ తాడుతో లాగాలి, అది మీకొద్దు అని రాసింది. రెండోది తేలికే గాని దానికి పిడి విడిగా కొని బిగించుకోవాలి. మూడోది వేగం తక్కువ, కానీ పిడి దానిలోనే ఉంది, బాణం వదలకుండా కూడా తాడును మెల్లగా దింపుకోవచ్చు. ముప్పై గజాల లోపునుంచి కొట్టేవాడికి ఆ వేగం చాలు. చెట్టెక్కకండి, నేల మీద కూర్చోండి, గాలి ముఖానికి తగిలేలా చూసుకోండి అని కూడా చెప్పింది.

"ఇవన్నీ నీకెలా తెలుసు?" అని అడిగాడు.

"ఒక పెద్దాయన చెప్పాడు" అంది.

అప్పుడే కొనలేదు. వారానికి రెండు మూడుసార్లు వచ్చేవాడు. బాణం ఎంత పొడవుండాలి అని మొదలుపెట్టి, రే గురించి ఏదో ఒకటి చెప్పి వెళ్లేవాడు. రే ఫ్లాస్కులో కాఫీ తెచ్చి తనే తాగేసేవాడట. జింక కనిపించినప్పుడల్లా వాడికి దగ్గొచ్చేదట. ఒకసారి, మీ దగ్గర వాతావరణం ఎలా ఉంది జెన్నీ, అని అడిగాడు. ఏ దేశంలో ఉన్నామో చెప్పకూడదని రూలు. దేవమణి కిటికీలోంచి చూసి, వాన పడుతోంది, అని రాసింది. అది నిజమే కాబట్టి ఆ రోజంతా ఆమెకు ఎందుకో బాగుంది.

ఐదున్నర అయ్యేసరికి టీ గ్లాసు పక్కన పెట్టుకుని ఎదురుచూడడం అలవాటైంది. ఆయన రాని రోజు పని సాగదీసినట్టుండేది. ఒక ఆదివారం చర్చికి వెళ్లొచ్చాక బేబీ ఫోన్ చేసింది.

"అప్పా, దసరా సెలవలకైనా వస్తావా? పిల్లలు అడుగుతన్నారు."

"మాకు అమెరికా సెలవలే కదే. చూస్తాను."

"ఎప్పుడూ చూస్తానంటావు. ఏటి అక్కడ నీకు?"

హెరాల్డ్ గురించి చెబుదామని నోటిదాకా వచ్చింది. ఏమని చెప్పాలో తెలియక, ఏం లేదులే, అని పెట్టేసింది.

మర్నాడు సోమవారం ఐదూ నలభైకి హెరాల్డ్ రెండు వాక్యాలు రాసి వెళ్లిపోయాడు. "నిన్న నువ్వు చెప్పినదే కొనేశాను జెన్నీ. ఓపిగ్గా సాయం చేసినందుకు థాంక్స్."

నిన్న ఆమె పనిలో లేదు. ఆర్డరు తెరిచి చూసింది. మొదటి విల్లు. ఆఫర్లో ఉన్నది, తాడుతో లాగాల్సింది.

కస్టమరు ఆర్డరు పెట్టాక, అతను ఏ జెన్నీతో మాట్లాడినా ఆ వెనకటి సంభాషణలన్నీ ఆమెకు తెరుచుకుంటాయి. ఆమెతో మాట్లాడినవి పదకొండు. జాబితాలో ముప్పై నాలుగు ఉన్నాయి.

దేవమణి ఒక్కొక్కటీ చదివింది. తను షిఫ్టు దిగాక వచ్చినవి, ఆదివారాలు వచ్చినవి, ఆయనకు నిద్రపట్టని వేళల్లో వచ్చినవి. ప్రతిసారీ బాణం పొడవుతోనో, బరువుతోనో మొదలై రే దగ్గరికి వెళ్లేవి. ఫ్లాస్కు సంగతి నలుగురు జెన్నీలకు చెప్పాడు. ఆమెకు చెప్పనిది ఒక్కటి వేరొకరికి చెప్పాడు. మాంసం కోసం కాదు, ఇంట్లో రే కూర్చునే రెండో కుర్చీ కనబడుతుంటుంది, అడవిలో అది ఉండదు, అందుకే వెళ్లాలనుంది, అని. దానికి ఆ జెన్నీ, మీ బాధ నాకు అర్థమైంది, ఇంకేమైనా సాయం కావాలా, అని కాగితంలో ఉన్నదున్నట్టు రాసింది. నిన్నటి జెన్నీతో ఆయన, నువ్వు మొన్న చెప్పినది ఏదో మరిచిపోయాను, ఇదేనా, అని అడిగాడు. అవును, అంది ఆమె.

దేవమణికి మొదట కోపం వచ్చింది. ఆ తరవాత వచ్చినది సిగ్గు. ఐదు వారాలుగా ఆయన తన కోసమే వస్తున్నాడనుకుంది.

టీమ్ లీడర్ నవీన్‌కు ఫోన్ చేసింది. ఆ కుర్రాడిది శృంగవరపుకోట, ఉండేది విశాఖపట్నంలో.

"ఆయన కంప్లయింట్ ఇచ్చారా మేడమ్?"

"ఇవ్వలేదు. ఆయనకి తెలీదు. ఆ విల్లు లాగితే భుజం మళ్లీ పోతాది నవీన్."

"ఇవ్వనప్పుడు మనం ముట్టుకోకూడదు మేడమ్. సేల్ అయిపోయింది కదా. బాగోకపోతే ఆయనే పంపేస్తారు. మీరు మాత్రం కాంటాక్ట్ చెయ్యొద్దు, తెలుసు కదా."

తెలుసు. కస్టమరుకు ఫోన్ చెయ్యకూడదు, సొంత పేరు చెప్పకూడదు. దేవమణి తెర మీద విరామం అని పెట్టి, ఆర్డరులో ఉన్న నంబరు తన ఫోన్లో నొక్కింది. నాలుగు రింగులయ్యాక బొంగురు గొంతు పలికింది. ఇంతకాలం అక్షరాలుగా చూసిన మనిషికి గొంతు ఉంటుందని ఆమె ఎప్పుడూ అనుకోలేదు. ఇంగ్లీషులో మొదలుపెట్టి, రెండుసార్లు తడబడింది.

"మీరు కొన్న విల్లు గురించి చేస్తున్నాను. జెన్నీని."

"మీ మాట జెన్నీలా లేదే."

"జెన్నీ అంటూ ఎవరూ లేరండీ. మేం తొమ్మిది మందిమి. నా పేరు దేవమణి. ఇండియా నుంచి మాట్లాడుతున్నాను."

అవతల టీవీ మోత వినిపించింది. తరవాత అది ఆగింది.

"ఇద్దరో ముగ్గురో ఉంటారనుకున్నాను" అన్నాడు హెరాల్డ్. "ఒకరు చెట్టు ఎలా దిగుతావని అడిగారు. మిగతావాళ్లు ఇంకేం కావాలని అడుగుతారు. వాళ్లలో నువ్వు ఎవరివి?"

"దిగడం గురించి అడిగింది నేనే."

"అనుకున్నాను."

పెట్టె రాగానే విప్పకుండా వెనక్కి పంపెయ్యమనీ, మూడోది తెప్పించుకోమనీ చెప్పి, దాని నంబరు ఒక్కో అంకె చొప్పున రాయించింది. ఆయన తిరిగి చదివాడు. ఒంటరిగా వెళ్లొద్దు, తగిలినదాన్ని వెతకడానికి ఇంకో మనిషుండాలట, అంది.

"ఆ పెద్దాయన చెప్పాడా?"

"అవును. మా పక్క మిల్లులో కాపలా ఉంటాడు."

"ఆయనతో చెప్పు, సరిగ్గా చెప్పాడని" అన్నాడు హెరాల్డ్. "ఇంకో మనిషి ఎక్కడ దొరుకుతాడో మాత్రం ఆయన్నే అడుగు."

పది రోజుల తరవాత నవీన్ ఫోన్ చేశాడు. దుకాణం వెబ్‌సైటులో హెరాల్డ్ ఐదు నక్షత్రాలు పెట్టి పొడుగ్గా రాశాడట. కొత్త విల్లు బాగుందనీ, తనను కాపాడింది జెన్నీ కాదనీ, ఇండియాలో ఉన్న దేవమణి అనే మంచి మనిషి సొంత ఫోన్‌నుంచి చేసి చెప్పిందనీ, కంపెనీ ఆవిడకు జీతం పెంచాలనీ. పేరు అక్షరం పొల్లుపోకుండా రాశాడు.

"పైనోళ్లు చూసీసినారు మేడమ్" అన్నాడు నవీన్. ఎప్పుడూ పుస్తకంలోలా మాట్లాడేవాడు ఆ రోజు ఇంటి మాటలో పడ్డాడు. "నా సేతిలో ఏటీ లేదు. రేపటినించి లాగిన్ అవ్వదు."

"నీ తప్పేం లేదులే" అంది.

గంగులు విని, "మంచి సేద్దామని రాసినాడు పాపం" అన్నాడు. ఆమె కూడా అదే అంది. బేబీ మాత్రం ఫోన్లోనే ఏడ్చి, మొగుణ్ని పంపించి అక్కను తీసుకెళ్లింది. దేవమణి కొత్తవలసలో పదిహేను రోజులుంది. పిల్లలకు ఇంగ్లీషు పాఠాలు చెప్పింది. అందరూ బాగా చూశారు. అయినా తెల్లారి నాలుగున్నరకే మెలకువ వచ్చి, ఎవరి నిద్రా చెడకుండా మంచం మీదే కదలకుండా పడుకునేది. తిరిగి ఆమదాలవలస వచ్చేసి, సాయంత్రాలు పదో తరగతి పిల్లలకు ట్యూషన్ పెట్టింది.

నవంబరులో ఒక ఉదయం తెలియని పొడవాటి నంబరునుంచి ఫోన్ వచ్చింది. హెరాల్డ్. ఆమె చేసిన నంబరు దాచుకున్నాడట. ఉద్యోగం పోయిన సంగతి ఆయనకు తెలియదు. ఆమె చెప్పలేదు.

నేల మీదే కూర్చున్నానన్నాడు. ఐదు రోజులు ఒక్కడే వెళ్లాడు. ఐదో రోజు మగ జింక వచ్చింది, కొట్టాడు. అది పరుగెత్తింది. చీకటి పడేదాకా వెతికాడు, మర్నాడు మళ్లీ వెళ్లి మధ్యాహ్నం దాకా వెతికాడు. దొరకలేదు.

"ఇక వెళ్లను" అన్నాడు. "విల్లు మంచిదే. విల్లు తప్పేం కాదు."

"అయ్యో" అంది దేవమణి.

తరవాత ఏం మాట్లాడాలో ఇద్దరికీ తెలియలేదు. తెర మీద రాసుకున్నప్పుడు రెండు నిమిషాలు ఖాళీగా ఉన్నా బాగానే ఉండేది. ఫోన్లో ఆ ఖాళీ బరువుగా ఉంది. ఆయన అక్కడ మంచు మొదలైందన్నాడు. ఇక్కడ కోతలు మొదలయ్యాయని ఆమె చెప్పింది. కోతలంటే ఏమిటని అడిగితే వరి గురించి కొంచెం చెప్పింది. ఆయన ఓపిగ్గా విన్నాడు.

"సరే, దేవమణీ" అన్నాడు చివరికి. "ఆరోగ్యం జాగ్రత్త."

"మీరూ జాగ్రత్తండీ."

ఆయన మళ్లీ చెయ్యలేదు. క్రిస్మస్ రోజు తనే చేద్దామనుకుని, అక్కడ ఎన్ని గంటలో లెక్కవేసి, నంబరు తీసి చూసింది. బయట బేబీ వాళ్ల ఆటో వచ్చి ఆగిన చప్పుడైంది. ఫోన్ బల్ల మీద పెట్టి, తలుపు తియ్యడానికి లేచింది.