కూతురి తలుపు మీద కెమెరా

మా పెద్దాడు నాలుగు కెమెరాలు తెచ్చి, గుడ్డ కత్తిరించే బల్ల మీద పెట్టాడు. బల్ల దగ్గరున్నది నేను. చూపించింది మాత్రం తన చెల్లెలికి.

"వానకి తడవవు, ఎండకి మాడవు. చీకట్లో కూడా మనిషిని పట్టేస్తాయి," అన్నాడు. "ఇంకొక్క గుడ్డ చుట్ట కదలనీ, ఎవరు కదిపారో ఇందులో పడుతుంది. ఆ పూటే నీ మిషను రోడ్డు మీద ఉంటుంది. దాని పక్కన నువ్వూ ఉంటావు."

మా చిన్నది తల ఎత్తలేదు. సూదిలో దారం ఎక్కిస్తూనే, "నా మిషను నేనే మోసుకుంటాలే అన్నయ్యా. నీ నడుము అసలే అంతంతమాత్రం," అంది.

ఇద్దరూ నా కడుపున పుట్టినవాళ్ళే. ఒకరి ముక్కు మీద కోపం, ఇంకొకరి నాలుక మీద కారం. మధ్యలో నేను కత్తెర పట్టుకుని కూర్చున్నాను.

మాది లారీల మీద కప్పే కవర్లు కుట్టే కొట్టు. నేనూ, పోయిన మా ఆయనా ఒక్క మిషనుతో మొదలుపెట్టాం. ఇప్పుడు ఆరున్నాయి. బేరాలు పెద్దాడివి, కత్తిరింపు నాది. అంచు మడిచి కుట్టడం చిన్నదానిది. ఆ మందం గుడ్డ నాలుగు మడతల మీద సూది విరక్కుండా నడిపేది అదొక్కతే. మొగుడితో పొసగక పదేళ్ళ కిందట వచ్చేసింది. పెరట్లో గుడ్డ దాచే షెడ్డుకి ఎదురుగా ఒక గది ఉంది, అందులోనే ఉంటుంది. ఆ కొట్టూ, ఆ గదీ తప్ప దానికి ఈ లోకంలో జానెడు చోటు లేదు.

ఆ షెడ్డులోంచే నెల తిరిగేలోగా మూడు చుట్టలు మాయమయ్యాయి. తాళం పగల్లేదు. తాళంచెవులు రెండు. ఒకటి పెద్దాడి జేబులో, రెండోది చిన్నదాని గదిలో మేకుకి. ఇంకేం కావాలి వాడికి? ఆ చుట్టలు ఏమయ్యాయో నాకు ఇప్పటికీ తెలియదు. కానీ వాడికి ఆ రోజే తెలిసిపోయింది. తెలిసిపోయిందని వాడనుకున్నాడు.

కెమెరాలు బిగించడానికి వచ్చినతను సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. అరగంట తిరక్కుండా మా పనివాళ్ళు అతనికి 'నిచ్చెన' అని పేరు పెట్టేశారు. రెండు కెమెరాలు గేటు మీద ఎత్తున బిగించాడు. మూడోది షెడ్డు చూరు కింద, పెరడంతా కనబడేలా. నాలుగోది చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

"ఇది ఆ తలుపు మీదకి," అన్నాడు పెద్దాడు, చెల్లెలి గది వైపు గడ్డం చూపించి.

"ఆడమనిషి ఉండే గది కదండీ. కాస్త పక్కకి తిప్పితే..."

"బిగించడం నీ పని. ఎటు తిప్పాలో నేను చెప్తా."

బిగించాడు. ఆ గది చూరు కింద నుంచి దిగివచ్చి, కెమెరాల పక్కన పెట్టిన చిన్న వైరు పెట్టెల దగ్గర వైర్లను ఎందుకు కిందికి వేలాడేలా వదిలాడో చెప్పబోయాడట. "వానలో నీళ్ళు వైరు పట్టుకుని జారి వస్తాయండీ, అందుకని..." అనగానే పెద్దాడు అడ్డం పడ్డాడట. "నీళ్ళ సంగతి నాకు చెప్తావా? మేం పుట్టిందే నీళ్ళు ఆపడానికి. ఇక బయల్దేరు!" ఈ ముక్క నాకు తర్వాత నిచ్చెన నోటే తెలిసింది. అప్పుడు నేను లోపల మిషన్ల మోతలో ఉన్నాను.

నాకు వినబడింది ఆ తర్వాతి మాట. పెద్దాడు పెరట్లో నిలబడి అందరికీ వినబడేట్టు అరిచాడు. "ఏంటయ్యా ఈ పని! ప్రతి కెమెరా కిందా వైరు మేకగడ్డంలా వేలాడుతోంది. వచ్చిపోయేవాళ్ళు చూస్తే ఇది కవర్ల కొట్టనుకుంటారా, చింకిపాతల కొట్టనుకుంటారా?"

మా కొట్లో వేలాడే దారమంటే పరువు పోయినట్టే. ఒక్క పోగు బయటికి కనబడినా మా ఆయన కవరంతా విప్పించి మళ్ళీ కుట్టించేవాడు. ఆ మనిషి పోయినా ఆ అలవాటు నా చేతుల్లోంచి పోలేదు. ఆ కెమెరా మీద నాకు ఒళ్ళు మండుతున్నా సరే, వేలాడేది కంట్లో పడితే నా వేళ్ళు ఊరుకోవు. మధ్యాహ్నం అందరూ అన్నాలకి కూర్చున్నప్పుడు స్టూలు వేసుకుని ఎక్కాను. గేటు మీదివి నాకు అందవు. చూరు కిందివి రెండూ అందాయి. వైరు కిందికి జారి మళ్ళీ పైకెక్కి పక్కనున్న చిన్న పెట్టెలోకి దూరుతోంది. ఆ జారిన వంపును పైకి లాగి, పెట్టెకి పైనున్న మేకుకి మైనం దారంతో మూడు చుట్లు బిగించి కట్టాను. చక్కగా, తీగ లాగినట్టుగా వచ్చింది. నాకు నేనే ముచ్చటపడ్డాను కూడా.

నాలుగో రోజు తెల్లవారుజామున మొదలైన వాన ఎనిమిదింటికి గాని తగ్గలేదు. పెద్దాడు వచ్చి, కెమెరా బొమ్మలు కనబడే టీవీ పెట్టాడు. గేటు కెమెరాలు రెండూ నిక్షేపంగా ఉన్నాయి. పెరటివి రెండూ నల్లగా ఉన్నాయి.

"చూశారా!" అన్నాడు. ఆ గొంతులో కోపం కంటే సంతోషం ఎక్కువగా ఉంది. కన్నతల్లిని, నాకు తెలియదా? "నాలుగింట్లో ఏవి పోయాయి? షెడ్డుదీ, దీని తలుపుదీ! గేటు మీదవి ఎందుకు పోలేదమ్మా చెల్లెలా?"

"నన్నడుగుతావేం? వానని అడుగు."

"వానకి నీ తలుపు మీదే కక్షా?"

"నీకుంటే వానకి ఉండకూడదా?"

"నోరు! నోరు ఒక్కటి తక్కువ లేదు. నువ్వే చెడగొట్టావని రుజువైతే?"

"మిషను రోడ్డు మీద పెడతానన్నావుగా. రోజూ చెప్పడమెందుకు, పెట్టు."

నేను మధ్యలోకి వెళ్ళి, "ఒరే, దాని జోలికి పోకు," అన్నాను. నేను కట్టిన కట్టు మీద నాకు అనుమానమే రాలేదు. ముడి వేయడం చెడగొట్టడమని నేనెలా అనుకుంటాను? జీవితమంతా ముడులు వేసి బతికినదాన్ని.

వాడు నిచ్చెనకి ఫోను కొట్టి పిలిపించాడు. అతను వచ్చేసరికి మిషన్లన్నీ ఆపించి, పనివాళ్ళందరినీ టీవీ ముందు నిలబెట్టాడు. చిన్నదాన్ని ముందు వరసలో నిలబెట్టాడు. "అవి పోకముందు వాటి దగ్గరికి ఎవరు వచ్చారో వెయ్యి. అందరూ చూడాలి," అన్నాడు.

నిచ్చెన ఏదేదో నొక్కుతూ రోజులు వెనక్కి తిప్పాడు. తెర మీద మా పెరడు కనిపించింది. ఒక మనిషి స్టూలు మోసుకుని వస్తోంది. ముసలిది. తలుపు కెమెరా కింద స్టూలు వేసి, కొంగు దోపుకుని, పళ్ళ మధ్య దారం పట్టుకుని ఎక్కింది. కాసేపటికి దిగి, షెడ్డు కెమెరా వైపు నడిచి వచ్చింది. తెర నిండా నా మొహం. కళ్ళు చిట్లించి, నాలుక బయటపెట్టి ముడి వేస్తున్నాను.

కవర్ల అంచుకి రింగులు కొట్టే అమ్మాయి కిసుక్కుమంది. ఆ తర్వాత ఎవరి వల్లా కాలేదు, కొట్టంతా గొల్లుమంది. చిన్నది మాత్రం నవ్వలేదు.

నిచ్చెన పెరట్లోకి వెళ్ళి పెట్టె ఊడదీసి, మా ముందే వంచాడు. గ్లాసుడు నీళ్ళు బళుక్కున పడ్డాయి. "వైరు కిందికి వేలాడితే నీళ్ళు ఆ వంపు దగ్గరే కారిపోతాయి పెద్దమ్మా. పైకి కడితే నేరుగా పెట్టెలోకి దిగుతాయి. అది చెప్పబోతేనే అయ్యగారు వెళ్ళిపొమ్మన్నారు."

"నేనే కట్టాను," అన్నాను. "నా ముడే అది. మేకగడ్డమని నువ్వే కదరా అరిచావు? నీ పరువు పోతుందని కట్టాను."

పెద్దాడి మొహం కందగడ్డలా అయింది. తప్పయిందంటాడని చూశాను. నోరు తెరిచాడు కూడా. "ఇదే నీచేత కట్టించి ఉంటుంది," అన్నాడు చెల్లెలి వైపు వేలు చూపించి.

"దేవుడా," అన్నారెవరో వెనకనుంచి.

"ఏంటి చూస్తున్నారు? పనిలోకి పొండి! ఏమయ్యా, నువ్వు కొత్త పెట్టె బిగించు. అదే చోట. ఆ తలుపు మీదకే."

అప్పుడు చిన్నది అన్నకి ఎదురుగా వచ్చి నిలబడింది. ఈసారి దాని మాటలో కారం లేదు. అదే నన్ను భయపెట్టింది.

"అన్నయ్యా, వీళ్ళందరి ముందూ నన్ను దొంగలా నిలబెట్టావు. వీళ్ళందరి ముందే నువ్వు నిచ్చెనెక్కి ఆ తలుపు మీది కెమెరా తియ్యి. నీ చేత్తో. తీస్తే నేను వెళ్ళి కుట్టుకుంటా. ఇంకో మాట అడగను."

"తియ్యకపోతే?"

"నువ్వు చెప్పిందే."

అందరం వాడి వైపు చూశాం. నిచ్చెన పాపం తన నిచ్చెన తెచ్చి వాడి పక్కన ఆనించాడు కూడా. పెద్దాడు దానివైపు కన్నెత్తలేదు. జేబులో చెయ్యి పెట్టుకుని గేటువైపు చూస్తూ నిలబడ్డాడు.

చిన్నది లోపలికి వెళ్ళి మరలు విప్పింది. మిషను తలని బల్ల మీంచి ఎత్తి, పాత కవరు ముక్కలో చుట్టి చంకన పెట్టుకుంది. వీధి చివర గోనెసంచులు కుట్టే కొట్టుంది. వాళ్ళు ఎన్నాళ్ళనుంచో రమ్మంటున్నారు. ఇన్నాళ్ళూ అది వెళ్ళనిది నా కోసమే. "రామ్మా, నువ్వూ రా," అంది నాతో. నేను తల అడ్డంగా ఊపాను. అది నా వైపు ఒక్క చూపు చూసి వెళ్ళిపోయింది.

గేటు చప్పుడయ్యాక పెద్దాడు నా దగ్గరికి వచ్చాడు. "నువ్వు పోలేదు, మంచిదైంది. నీకు నేనున్నానుగా."

"నీకోసం ఉన్నాననుకున్నావా?" అన్నాను. "ఇది నేను పెట్టిన కొట్టు. నా కూతురు పోయింది, నేను పోను. ఇక్కడే, నీకు ఎదురుగా కూర్చుంటా. పొద్దున్నే వచ్చి నా మొహం చూడు. సాయంత్రం తాళం వేసేదాకా చూడు. దాని సంగతి నేను అడుగుతూనే ఉంటా, నువ్వు జవాబు చెప్పేదాకా."

"అమ్మా..."

"రేపటికి రెండు లారీ కవర్లు ఇవ్వాలి. గుడ్డ కోసి పెట్టాను. అంచు ఎవరు కుడతారో చూసుకో."

నిచ్చెన కొత్త పెట్టె చేతిలో పట్టుకుని ఇంకా అక్కడే ఉన్నాడు. "అయ్యా, తలుపు మీదకేనా?" అన్నాడు.

వాడు మిషను లేని బల్ల వైపు తిరిగాడు. నేను కత్తెర తీసుకుని వాడికి ఎదురుగా కూర్చున్నాను.