రెండో చెయ్యి

ఎంత తోడినా గదిలో నీళ్ళు చీలమండ దిగలేదు. వాన పొద్దున్నే వెలిసింది గానీ, వీధిలో నీళ్ళన్నీ ఇంకా గడప దాటి లోపలికే వస్తున్నాయి. ఇస్త్రీపెట్టెలో బొగ్గులు నానిపోయాయి. ఇస్త్రీకొచ్చిన బట్టల మూటలు అటక మీదకి చేరాయి. నాలుగు వైపులా ఇటుకలు పెట్టి ఎత్తు చేసిన మంచం మీద, లేవలేని అత్తగారు పడుకుని ఉంది.

"ఏమే, మంచం కాస్తా పడవైంది. ఓ తెడ్డు కూడా తెచ్చిపెట్టు" అంది ముసలావిడ.

నవ్వొచ్చే మాటే. కోడలికి నవ్వు రాలేదు, ఏడుపూ రాలేదు. ప్రతి వానకీ ఇదే బతుకు, మనసు మొద్దుబారిపోయింది. వీధి మునిగినప్పుడల్లా రోడ్డు ఎత్తు చేశారు. ఒకప్పుడు మెట్లెక్కి వెళ్ళిన ఇంట్లోకి ఇప్పుడు మెట్లు దిగి వెళ్ళాలి.

పక్కింటి కుట్టుమిషను అక్క చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని వచ్చింది.

"మీటింగులో నా చెయ్యి నేను కాలవకే ఎత్తొచ్చానమ్మా. మీ ఆయన మాత్రం రెండూ రోడ్డుకే ఎత్తాడు. గుమాస్తాకి రోడ్డు చేతుల లెక్క తప్పి మళ్ళీ ఎత్తిస్తున్నాడు. ఒక చెయ్యి అటో ఇటో అన్నట్టుంది. వెళ్ళు, ముసలమ్మని నేను చూస్తాలే."

ఈసారి వరద డబ్బు నేరుగా వార్డుకే వచ్చింది. వానలు ఏటికేడు ముదురుతున్నాయి, ఎక్కడి ముంపు అక్కడివాళ్ళకే తెలుసు, కాబట్టి ఏం చెయ్యాలో వాళ్ళే మీటింగులో చేతులెత్తి తేల్చుకోవాలని ఉత్తర్వు. భేషుగ్గా రాశారు. ఇంటిపనిలో ఉన్న ఆడవాళ్ళ చేతులు మొగుళ్ళే ఎత్తేస్తారన్న సంగతి మాత్రం రాసినవాళ్ళకి తెలీదు. ఇక్కడ అదే పద్ధతి. ఒకటి తనకి, రెండోది పెళ్ళానికి.

ఆమె బక్కెట్టు వదిలేసి బయల్దేరింది.

మీటింగు బడి గదిలో జరుగుతోంది. పూడిపోయిన మురుక్కాలవ తవ్వి చివరిదాకా పొడిగించడమా, రోడ్డు మరింత ఎత్తు చెయ్యడమా? రోడ్డు కాంట్రాక్టరు వార్డు ప్రెసిడెంటు బావమరిది. అతని దగ్గర రోలరు నడిపేది ఆమె మొగుడు. రోడ్డు పడితేనే అతనికి పని. అతను రెండు చేతులూ ఎత్తి నిలబడ్డాడు.

ఆమె బురద కాళ్ళతోనే లోపలికి నడిచింది.

"నా చెయ్యి దించు."

గది గొల్లుమని నవ్వింది. మొగుడి మొహం మాడిపోయింది.

"ఏదే నీది? పేరు రాసుందా?" అన్నాడు అందరికీ వినబడేలా. తర్వాత గొంతు తగ్గించి, "పనొస్తుందే. నోర్మూసుకో" అన్నాడు.

"ఏమ్మా, ఇంటి గొడవలు ఇంట్లో చూసుకోండి" అన్నాడు ప్రెసిడెంటు.

"ఇంట్లో చోటేదండీ? నీళ్ళున్నాయి" అంది ఆమె.

కోపం రాలేదు, భయమూ వెయ్యలేదు. మొగుడి ఎడమచెయ్యి మణికట్టు దగ్గర పట్టుకుని కిందికి లాగింది. అతను చెయ్యి బిగించాడు. ఆమె రెండో చెయ్యి కూడా వేసి లాగింది. నవ్వులు ఆగిపోయాయి.

"మీ అమ్మ మంచం కింద ఇటుకలు జారుతున్నాయి" అంది అతనికి మాత్రమే వినబడేలా.

ఎడమచెయ్యి దిగింది. ఆమె దాన్ని వదల్లేదు. "ఇది కాలవకి" అంటూ తన కుడిచెయ్యి పైకెత్తింది.

గుమాస్తా మొదటి వరస నుంచి మళ్ళీ లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. మొగుడి కుడిచెయ్యి ఇంకా పైనే ఉంది.