రాజుగారి పేరు పెట్టిన ఉప్పు నేల

హలో, అందరికీ వినబడుతోందా? భోజనాలయ్యాయా? అయితే రెండు నిమిషాలు నాతో ఉండండి, ఓ కథ చెబుతాను.

నాలుగు వందల ఏళ్ళ కిందట తొంభై మంది ఇంగ్లీషువాళ్ళు వర్జీనియా తీరంలో ఓడ దిగారు. దిగిన రోజే జెండా పాతి, ప్రార్థన చేసి, రాజుగారి మీద గౌరవంతో ఆ చోటికి ‘కింగ్స్‌స్టెడ్’ అని పేరు పెట్టారు. నీళ్ళు రుచి చూసింది మాత్రం మర్నాడు.

చూసినవాడు బావులు తవ్వే ఆంబ్రోస్. సముద్రం పోటెత్తినప్పుడల్లా పక్కనున్న ఏట్లోకి ఉప్పునీరు ఎక్కుతోంది. ఊరి చుట్టూ కట్టుకున్న కంచె లోపల మూడు బావులు తవ్వాడు. మూడూ ఉప్పే. ఆ నీళ్ళే తాగి, నెల తిరిగేసరికి అతని తమ్ముడు జెర్విస్‌కి కాళ్ళు వాచాయి. వేలితో నొక్కితే గుంట అలాగే ఉండిపోయేది.

"అన్నయ్యా, నీ బావి నీళ్ళతో గంజి కాస్తే ఉప్పు ఖర్చు లేదు" అని నవ్వాడు జెర్విస్.

"నోర్మూసుకుని పడుకోరా. ఎగువన మంచి ఊట చూశాను. ఊరు ఊరంతా అక్కడికే పోదాం."

ఊట రెండు మైళ్ళ దూరం. నీళ్ళకని వెళ్ళిన ఇద్దరు అక్కడి ఆదివాసుల బాణాలకు పడిపోయాక, ఊరికి అధికారైన కెప్టెన్ లడ్లో ఎవరినీ గేటు దాటనివ్వడం లేదు. వెళ్తే అందరూ కలిసి, ఓడ ఫిరంగులు తోడుండగానే వెళ్ళాలి. ఓడేమో తెల్లారితే ఇంగ్లండుకు తిరుగుముఖం పడుతుంది.

ఆంబ్రోస్ టోపీ తీసి కెప్టెన్ ముందు నిలబడ్డాడు.

"దొరా, ఊరు మార్చండి. మా తమ్ముడు దక్కడు."

"పటం గీసేశాం. రాజుగారికి ఉత్తరం రాసేశాం. ఇప్పుడు పేరు కొట్టేయమంటావా?"

"పేరు కూడా పట్టుకుపోదాం దొరా. దానికేం బరువు?"

"రాజుగారి పేరు పెట్టిన నేల వదిలేస్తే ద్రోహమంటారు. పోయేది నా తల, నీది కాదు. వెళ్ళి నాలుగో బావి తవ్వు."

ఓడ వెళ్ళిపోయింది. నాలుగో బావి నడుంలోతుకు రాగానే జెర్విస్ పోయాడు. ఆంబ్రోస్ ఇంక తవ్వలేదు. తమ్ముణ్ణి ఆ గుంటలోనే పూడ్చాడు. చలికాలంలో కెప్టెనూ పోయాడు.

వసంతంలో ఓడ తిరిగొచ్చేసరికి పదకొండు మంది మిగిలారు.

"పేరు విని రాజుగారు మురిసిపోయారోయ్!" అంటూ నావికులు పెద్ద కంచుగంట దింపారు. దాని మీద కింగ్స్‌స్టెడ్ అని పోతపోసి ఉంది. "ఎక్కడ కడదాం?"

ఆంబ్రోస్ గంటను దొర్లించుకుంటూ తమ్ముడి గుంట దాకా తీసుకెళ్ళి, తలకిందులుగా నిలబెట్టాడు.

"వానొస్తే నాలుగు చుక్కలు మంచినీళ్ళు నిలుస్తాయి" అన్నాడు.

ఇంతేనండీ. నీళ్ళు చూడకముందే పేరు పెట్టేసేవాళ్ళు మీ ఎరుకలో ఎవరైనా ఉంటే, ఈ కథ వాళ్ళకి ఒకసారి పంపించండి.