చన్నీళ్ల నేరం

సలమా ఊళ్లో దోన్యా త్రాన్సితో అనే ఆవిడ నడిపే రొట్టెల పాకకు కట్టెలు వేసేది నేనే. గాడిదను బయట కట్టేసేసరికే లోపలి నుంచి చప్పట్లు వినిపిస్తుంటాయి. ముగ్గురు ఆడవాళ్లు మొక్కజొన్న ముద్దను రెండు అరచేతుల మధ్య తట్టి, మట్టి పెనం మీద వేసి, ఉత్త వేళ్లతోనే తిరగేస్తారు. తెల్లారి మొదలుపెడితే పొద్దుగూకేదాకా అదే పని.

వాళ్లకో కట్టుబాటు ఉంది. పెనం దగ్గర కాగిన చేతికి చన్నీళ్లు తగలకూడదు. తగిలితే చలి ఎముకల్లోకి దిగి చెయ్యి చచ్చుబడుతుందంటారు. పని మధ్యలో తడుపుకోవడానికి గోరువెచ్చని నీళ్లు పక్కనే పెట్టుకుంటారు. ఇంటికి పోయేటప్పుడు, పిండి ఎండిన చేతులను అలాగే గుడ్డలో చుట్టుకుంటారు. మర్నాడు పొద్దునే కడగడం.

ముగ్గురిలో ఫిదెలీనా దీన్ని అందరికంటే నిష్ఠగా పాటించేది. ఆమె చెయ్యే పోయింది. కుడి బొటనవేలు, పక్క రెండు వేళ్లు తిమ్మిరెక్కి, ముద్ద జారి బూడిదలో పడేది.

"కడిగుంటావే," అంది పక్క పెనం దగ్గరి రుపెర్తా.

"నా బిడ్డల మీద ఒట్టు వదినా. చుక్క తగలనివ్వలేదు."

"మరి ఊరికే పోద్దా చెయ్యి? దేవుడికి నీ మీదేం పగ?"

ఆరోగ్య కేంద్రంలో నర్సమ్మ మణికట్టు తట్టి చూసింది. నీళ్ల వల్ల కాదు, రోజంతా రొట్టెలు తట్టడం వల్లే నరం నలిగిందనీ, ఆ పని మానెయ్యమనీ చెప్పింది. ఫిదెలీనా ఆ మాట పాకలో చెబుతున్నప్పుడు నేను కట్టెలు దించుతున్నాను.

దోన్యా నవ్వింది. "రొట్టెలు తడితే చేతులు పోతాయా? అయితే ఈ ఊళ్లో ఏ ఆడదానికైనా చేతులు మిగిలుండేవా?"

తర్వాత నవ్వు ఆపేసింది. "చూడు పిల్లా. చలి దిగిందంటావా, సదాపాకు కట్టుకో, కాపడం పెట్టుకో, తగ్గిపోద్ది. వారం ఆగి రా, నీ పెనం నీకే ఉంటది. కాదు, నర్సమ్మ చెప్పిందే నిజమంటావా, రొట్టె తట్టకూడనిదానివి నాకెందుకు?"

చప్పట్లు ఆగాయి. ఫిదెలీనా తన పెనం వంక చూసింది.

"కడిగాను," అంది. "చిన్నోడికి జ్వరమొస్తే గుడ్డ తడపడానికి తొట్లో చెయ్యి పెట్టాను."

"అదీ! అలా చెప్పు."

అందరి మొహాలూ తేటపడ్డాయి. "బిడ్డల మీద దొంగ ఒట్టేశావా, పాపిష్టిదానా! పోయి గుడిలో కొవ్వొత్తి వెలిగించుకో," అంది రుపెర్తా. మూడో ఆమె పెరట్లోకెళ్లి సదాపాకు కోసుకొచ్చింది. ఫిదెలీనా మణికట్టుకు కట్టించుకుంది.

వారం తర్వాత ఆ ఆకుకట్టుతోనే వచ్చి తట్టడం మొదలుపెట్టింది. రొట్టె తిరగేయబోతే వేళ్లు పెనానికి ఆనుకుని ఉండిపోయాయి. చర్మం కాలిన వాసన వాకిట్లో ఉన్న నాకే తగిలింది. ఆమెకు తెలియలేదు.

"ఏమేవ్, చెయ్యి!" అని రుపెర్తా ఆమె చేతిని పట్టి లాగింది. లాగాక తన చేతిని గౌను చాటుకు తీసుకుని, తిమ్మిరి వదిలించుకుంటున్నట్టు రెండు మూడుసార్లు విదిలించింది. నేను చూడటం చూసింది.

"నేనెప్పుడూ కడగలేదు," అంది, నేనేమీ అడగకుండానే.