వెలగని చుక్క

ల్యాబులో ఆవిణ్ణి అందరూ చాదస్తమ్మ అంటారు. అనరూ మరి? సీసాకి మూత పెట్టానా లేదా అని మూడుసార్లు చూస్తుంది, మూసిన ఫ్రిజ్ మళ్లీ తెరిచి మూస్తుంది. పసిపిల్లల మడమ నుంచి తీసి అట్టకార్డు మీద ఆరబెట్టిన రక్తపు చుక్కల్లో ఎంజైమ్ పనిచేస్తోందో లేదో చూసి చెప్పడం ఆవిడ పని. పదకొండేళ్లలో ఒక్క తప్పు రిపోర్టు కూడా ఇవ్వలేదు.

అలాంటి మనిషి ఇవాళ చీకటిగదిలో, నీలి దీపం ముందు కొయ్యబారిపోయింది. కిట్‌లోని మందు కలిపాక ఎంజైమ్ ఉన్న చుక్క వెలగాలి. ఇరవై మూడు చుక్కలు చక్కగా వెలుగుతున్నాయి. ఒక్కటి మాత్రం నల్లగా పడి ఉంది. అది తన సొంత అక్క కొడుకుది. వాడు పుట్టి ఆరు రోజులు.

పాలలోని చక్కెరని అరిగించే ఎంజైమ్ అది. అది లేని బిడ్డకి తల్లిపాలే విషం.

అంతలో నిన్నటి సంగతి గుర్తొచ్చి కాస్త ఊపిరాడింది. ఆసుపత్రి నుంచి ఆ కార్డు తెచ్చింది తనే. స్కూటర్ డిక్కీలో పడేసి, పిల్లాడికి దోమతెర కొందామని దుకాణంలో దూరింది. ముప్పావుగంట! బయట ఎండ మాడ్చేస్తోంది. వేడి తగిలితే ఎంజైమ్ చస్తుందని ఊరందరికీ పాఠాలు చెప్పే మనిషే మరి.

"నా బుద్ధి గడ్డి తింది మేడమ్," అంది ఇన్‌ఛార్జ్ దగ్గరికెళ్లి. "నేనే పాడుచేశాను. అంతే కదూ?"

మేడమ్ తిట్టలేదు. తిట్టినా బావుండేది. "అదే కార్డు నుంచి ఇంకో ముక్క తీసి, రెండో కిట్‌తో వేరే ఎంజైమ్ చూడు. అదీ వేడికి తట్టుకోదు. అదీ వెలగకపోతే కార్డు పాడైనట్టే, కొత్త రక్తం తెప్పిద్దాం. ఈలోగా మీ అక్కకి ఫోన్ చేసి పాలు ఆపమను."

"ఒక్క అరగంట మేడమ్! పిల్లాడు పాలు పట్టట్లేదని అక్క ఇప్పటికే హడలిపోయి ఉంది. బాలింతని ఊరికే బెదరగొట్టడం ఎందుకు?"

మేడమ్ ఇష్టం లేకుండానే తలూపింది.

రెండో కిట్ మందు కలిపి, ఆ అరగంటా నీలి దీపం ముందే కూర్చుంది. ఇన్నేళ్లూ తప్పు దొర్లుతుందేమోనని చచ్చేంత భయపడ్డ మనిషి, ఇవాళ తప్పు తనదే కావాలని మొక్కుకుంది. ఉద్యోగం పోతే పోనీ. 'వెలగకే తల్లీ, నీకు దండం పెడతాను, వెలగకు.'

చుక్క వెలిగింది. కార్డుకి ఏమీ కాలేదు. ఆవిడ ఏ తప్పూ చేయలేదు.

ఫోన్ రెండో రింగుకే అక్క ఎత్తింది. "నీకు నూరేళ్లాయుష్షే! ఇప్పుడే అనుకుంటున్నాను. నీ కొడుకు దారికొచ్చాడే! అరగంట నుంచి వదలకుండా తాగుతున్నాడు."

"అక్కా, వాణ్ణి తీసెయ్. ఇంకొక్క గుక్క కూడా పట్టకు. ఆ పాలు వాడికి పడవు. వెంటనే ఆసుపత్రికి బయల్దేరు, నేనూ వస్తున్నాను."

అవతల పిల్లాడు గుక్కపెట్టి ఏడ్చాడు.

"తీసేశానే, తీసేశాను," అంది అక్క. "నీకెప్పుడు తెలిసిందే?"

"అరగంటైంది," అంది చెల్లెలు.