గవరమ్మ నిలబడిన వెలుగుపెట్టె

నేను ఒక వెలుగుపెట్టెను. బీరువాలా నిలువెత్తున ఉంటాను. తలుపు తీస్తే లోపల నాలుగు పక్కలా పొడుగాటి ట్యూబులు. పుట్టింది ఏదో ఫ్యాక్టరీలోనే అయినా, బతికిందంతా విజయనగరం వైపు ఒక ఆసుపత్రిలో, చర్మవ్యాధుల విభాగంలో. సోరియాసిస్ ఉన్నవాళ్ళు కళ్ళకు నల్లద్దాలు పెట్టుకుని నాలో నిలబడతారు. ఎండలో ఉండే అతినీలలోహిత కాంతిలో కొంచెం, లెక్కగా వాళ్ళ ఒంటికి అందిస్తాను.

గవరమ్మ బడిలో మధ్యాహ్న భోజనం వండేది. మోచేతుల మీద, వీపు మీద ఎర్రటి మచ్చలు లేచి పొట్టు రాలుతుంటే, పిల్లలకు అంటుకుంటుందని తల్లిదండ్రులు గొడవ చేశారు. తగ్గేదాకా రావద్దని హెడ్మాస్టరు చెప్పేశాడు.

నా దగ్గరికి వచ్చిన మొదటిరోజు బట్టలు విప్పడానికి సిగ్గుపడి ఏడ్చింది. నన్ను నడిపే సిస్టర్ మార్తమ్మ అటు తిరిగి నిలబడి, తన అత్తగారి కబుర్లు చెబుతూ ఉండిపోయింది. తీరా నేను వెలిగింది అర నిమిషం.

వారానికి మూడుసార్లు, రెండు బస్సులు మారి వచ్చేది. బడులు తెరిచే రోజు దగ్గరపడేసరికి ఆత్రం పెరిగింది.

"ఇంకో రెండు నిమిషాలు ఎక్కువెట్టండి సిస్టరమ్మా. బేగి తగ్గిపోవాల."

"ఒళ్ళు కాలిపోద్ది గవరమ్మా. మెల్లిగానే తగ్గాలి."

మనుషులు చిత్రమైనవాళ్ళు. సూర్యుడు ధారాళంగా ఇస్తే గొడుగు అడ్డం పెడతారు. నా దగ్గర సెకన్ల కోసం బేరమాడతారు.

జూన్ నాటికి వీపు నునుపు తేలింది గానీ మోచేతులు మొండికేశాయి. అప్పుడు మార్తమ్మ సెలవు పెట్టి గవరమ్మ ఊరు వెళ్ళింది. నేను చూడలేదు, గవరమ్మ చెబుతుంటే విన్నాను. ఇది అంటువ్యాధి కాదని బడి వరండాలో తల్లులకు నచ్చజెప్పి, డాక్టరుగారి కాగితం చూపించి, గవరమ్మ తన చేత్తో వడ్డించిన సాంబారన్నం అందరి ముందూ తిన్నదట. మారు కూడా అడిగి పెట్టించుకుందట. మర్నాటి నుంచి గవరమ్మ మళ్ళీ వంటకు వెళ్ళింది.

ఏడాదిన్నర తర్వాత, చలికాలంలో మచ్చలు తిరిగొచ్చాయి. నాకు ఓడిపోయినట్టనిపించింది. ఆమె మాత్రం బడిలో వంట ముగించుకుని తీరిగ్గా వచ్చింది. ఈసారి ఎవరూ మానమనలేదట.

ఇప్పుడు కొత్త యంత్రం దిగింది. నన్ను స్టోరుగదికి తోసుకుపోతుంటే గవరమ్మ ఎదురొచ్చి, నా తలుపు మీద అరచెయ్యి ఆనించింది.

"మా ఆయనైనా నా ఈపు ఇంత తిన్నగా సూడలేదు సిస్టరమ్మా," అంది.

మార్తమ్మ నవ్వాపుకోలేక గోడకు ఆనుకుంది. ట్రాలీ తోసేవాళ్ళు కాసేపు ఆగారు.