పట్టు మీద నేసిన ఇంగ్లీషు

మా స్కూలు కరస్పాండెంట్ జయచంద్రకి ఇంగ్లీషంటే ప్రాణం. ఇంగ్లీషుకి ఆయనంటే ఏమిటో నాకు తెలియదు. ధర్మవరంలో తాతల నాటి పట్టుచీరల వ్యాపారం వదిలి బడి పెట్టాడు. చూడ్డానికి ఒకేలా ఉండి తికమక పెట్టే ఇంగ్లీషు మాటలంటే మరీ పిచ్చి. రోజూ ప్రార్థన కాగానే మైకు పట్టుకుని ఒక జంటను విడదీసి చూపిస్తాడు. "డెజర్ట్ అంటే ఎడారి, ఒకటే ఎస్. డిజర్ట్ అంటే భోంచేసినాక తినే తీపి, రెండు ఎస్‌లు!" మా అనంతపురం వైపు ఆ రెండో ఎస్ ఎన్నడూ కురవలేదు. ఆ సంగతి పిల్లలకు ఆయన చెప్పనక్కర్లేదు.

నేను, సువర్ణని, అక్కడ ఇంగ్లీషు టీచర్ని. ఆయన చెప్పేవన్నీ నేనూ చెప్తాను. కానీ తప్పు రాశారని ఎవర్నీ ఎండలో నిలబెట్టను. ఆయన నిలబెడతాడు, అదీ ఏప్రిల్లో.

ఈసారి తెలుగు టీచర్ హనుమంతమ్మ దొరికింది. కడుపు పాడై రాలేనని స్టాఫ్ వాట్సాప్ గ్రూపులో ఇంగ్లీషులో పెట్టింది. ఇంగ్లీషులోనే పెట్టాలన్నది ఆయన రూలే. లూజ్ మోషన్స్‌లో ఒక 'ఓ' తగ్గింది. మర్నాడు ఆ మెసేజీని మైకులో చదివాడు మహానుభావుడు. "వదులు కావడానికీ, పోగొట్టుకోడానికీ తేడా తెలీదు మన మేడమ్‌కి. ఏం పోగొట్టుకున్నారు మేడమ్?" పిల్లలు పడీపడీ నవ్వారు. ఆమె మొహం చూడలేక నేను నేల చూశాను. నాకు ఒళ్ళు మండిపోయింది.

అంతటితో ఊరుకోలేదు. "వార్షికోత్సవం అయినాక మీరు రావద్దు. బడి పేరు పోతాంది" అన్నాడు. హనుమంతమ్మ భర్త వేరుశనగ వేస్తాడు, అంటే వాన కోసం ఎదురుచూస్తాడు. ఆ ఇల్లు నడిచేది ఆమె జీతంతోనే.

వార్షికోత్సవానికి వేదిక వెనక కట్టడానికి పట్టు తెర నేయించాడు. దాని మీద జరీతో ప్రిన్సిపాల్, ప్రిన్సిపుల్ తేడా చెప్పే వాక్యం. నేసింది ఎర్రన్న. మగ్గం దగ్గర జరిగిందంతా తర్వాత నాకు ఆయనే చెప్పాడు.

ఎర్రన్న మగ్గం మీద గుడ్డ బోర్లా నడుస్తుంది. ముఖం కిందికి, వెనకవైపు మన కళ్ళకు. అందుకని పేర్లు నేసేటప్పుడు అక్షరాల్ని అద్దంలో చూసినట్టు తిప్పి గీసుకుంటాడు. జయచంద్రదీ మగ్గాల ఇల్లే కదా! తెలివికొద్దీ తనే అక్షరాలు తిప్పి గీసి ఇచ్చాడు. ఇంగ్లీషు రాని ఎర్రన్న అలవాటు ప్రకారం వాటిని మళ్ళీ తిప్పాడు. ఒకరికొకరు చెప్పుకోలేదు. మధ్యలో చూడ్డానికి వెళ్ళిన మా సారుకి మగ్గం మీద అక్షరాలు చక్కగా కనిపించాయి. "ఎంత ముద్దుగా ఉండాదప్పా!" అని మురిసిపోయాడు. చూస్తున్నది వెనకవైపని తట్టలేదు. ఇంగ్లీషు కనబడితే ఆయనకు ఇంకేమీ కనబడదు.

వార్షికోత్సవం రోజు ముఖ్య అతిథి తాడు లాగాడు. ఎర్ర పట్టు మీద బంగారు అక్షరాలన్నీ కుడి నుంచి ఎడమకు వెనక్కి తిరిగి నిలబడ్డాయి. జనం వైపు తిరిగి మైకులో మాట్లాడుతున్న జయచంద్ర అది చూడలేదు. జనం చప్పట్లు కొట్టారు. ముందు వరసలో గొర్రెలు కాసుకునే తిప్పయ్య కళ్ళు పెద్దవి చేశాడు. "ఏం ఇంగ్లీషప్పా! ఒక్క అచ్చరం గూడా తెలీలేదు!" ప్రైవేటు బడికి ఇంతకన్నా సర్టిఫికెట్ ఏం కావాలి?

"హనుమంతమ్మ మేడమ్, ఇట్ల రాండి. పోయే ముందన్నా ఇంగ్లీషు ఒక్కటి సరిగ్గా చదివి పోండి" అన్నాడు జయచంద్ర.

ఆమె వచ్చి మైకు అందుకుని తెర వైపు చాలాసేపు చూసింది. మైకు ఆయనకే తిరిగిచ్చింది. "నాకు రావడంల్యా సార్. మీరు చదవండి, నేర్చుకుంటా."

ఆయన తిరిగాడు. నోరు తెరిచాడు. ముఖ్య అతిథి కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నాడు.

"ఏమప్పా ఎర్రన్నా, ఏం చేసినావు?"

"తిప్పి నేసినా సామీ, ఎప్పట్లాగానే!" అని వెనక నుంచి కేక.

"నేను తిప్పే ఇచ్చినా కదప్పా!"

"ఆ మాట చెప్పాల కదా మరి!"

మైకు ఆన్‌లోనే ఉంది. ఈసారి నవ్వింది పిల్లలు మాత్రమే కాదు. తెర తిప్పి కడదామని ఎవరో అన్నారు గానీ, వెనక అక్షరాల చుట్టూ అంతా వేలాడే పోగులే.

సభ అయ్యాక స్టాఫ్ రూములోకి బుసలు కొడుతూ వచ్చాడు. "మేడమ్, చెప్పినా కదా. రేపట్నుంచి రావద్దు."

"సరే సార్. ఎందుకు తీసేసినారో రాసియ్యండి. ఇంగ్లీషులోనే రాయండి" అంది హనుమంతమ్మ. "అందరం చదువుకుంటాం."

ఆయన విసురుగా కూర్చుని పెన్ను తీశాడు. టీచర్లందరం చుట్టూ నిలబడ్డాం. ఎదుటివాళ్ళ రాతలో తప్పులు వెతకడం మాకు నేర్పింది ఆయనే. ఒక మాట రాసి కొట్టేశాడు. ఇంకోటి రాసి, దాన్నే చూస్తూ ఉండిపోయాడు.

"సువర్ణా, నువ్వు రాయి."

"నాకు తప్పులొస్తాయి సార్" అన్నాను. నిజం చెప్తున్నా, అంత సుఖంగా నేనెప్పుడూ అబద్ధం ఆడలేదు.

కాగితం నలిపి జేబులో పెట్టుకున్నాడు. ఎవరి మొహమూ చూడకుండా, "రేపు టయానికి రాండి" అన్నాడు.

"ఎవురు సార్?" అంది ఆమె.

"మీరే."

హనుమంతమ్మ బ్యాగు తగిలించుకుని బస్సుకి వెళ్ళిపోయింది.